మారని కాండం కోసం

1947 తొలి నెలల్లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్లూ పాకింది. టీకా వేయించుకున్న విద్యార్థులూ వేయించుకోనివాళ్లూ దాదాపు ఒకే లెక్కన మంచం పట్టారు. ఆ టీకా వెనక ఉన్నవాళ్లు చిన్నవాళ్లు కారు. థామస్ ఫ్రాన్సిస్, ఆయన దగ్గర పనిచేసిన జోనస్ సాక్. తర్వాత పోలియో టీకాతో ప్రపంచానికి తెలిసిన సాక్ ఈయనే. నాలుగేళ్ల ముందు, 1943లో, సైనిక శిక్షణలో ఉన్న కుర్రాళ్ల మీద ఇదే తరహా టీకా చక్కగా పనిచేసింది. 1945లో మామూలు జనానికీ అనుమతి దొరికింది. రెండేళ్లు తిరక్కుండానే ఎందుకూ కొరగాకుండా పోయింది. టీకా తయారీలో ఏ లోపమూ లేదు. వైరస్ మారిపోయింది, అంతే.

ఏటా ఫ్లూ టీకా వేయించుకోవలసి రావడానికి మూలం అక్కడుంది. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాల ప్రయోగశాలలను కలిపి ఒక నిఘా వ్యవస్థను ఏర్పాటు చేసింది. ఇప్పటికీ నిపుణులు ఏడాదికి రెండుసార్లు కూర్చుంటారు. ఉత్తరార్ధ గోళం టీకాలో ఏ వైరస్‌లు ఉండాలో ఫిబ్రవరిలో, దక్షిణార్ధ గోళం టీకా సంగతి సెప్టెంబరులో తేలుస్తారు. అక్కడినుంచి కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి, చంపి, శుద్ధిచేసి, సీసాల్లో నింపేసరికి ఆరు నెలలు పడుతుంది. ఈలోపు వైరస్ ఇంకాస్త మారిందా, అంచనా తప్పినట్టే. అంచనా కుదిరిన ఏడాది టీకా నూటికి 60 దాకా కాపాడుతుంది. 2014–15 చలికాలంలో అమెరికాలో అది 19 శాతానికి పడిపోయింది. ఫ్లూ తెచ్చే ఊపిరితిత్తుల జబ్బులతో ప్రపంచంలో ఏటా 2,90,000 నుంచి 6,50,000 మంది చనిపోతున్నారని అంచనా. వీళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఇతర జబ్బులున్నవాళ్లు. ‘ఫ్లూనే కదా’ అని మనం తేలిగ్గా కొట్టిపారేసే జబ్బు ఇది.

ఏటా మారే వైరస్‌కు ఏటా మారని టీకా కావాలన్నది పాత కోరికే. దానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఒకటుంది. మనం వాడిన కొలత మన చూపును కట్టిపడేసింది.

ఆ కొలత 1941లో పుట్టింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ప్రయోగశాలలో జార్జ్ హర్స్ట్ ఫ్లూ వైరస్ పెరిగిన కోడిగుడ్డులోంచి ద్రవం తీస్తుండగా లోపలి పిండం రక్తనాళం చిట్లింది. కాస్త నెత్తురు ద్రవంలో కలిసింది. ఎర్రకణాలు విడివిడిగా ఉండకుండా గుంపులుగా అతుక్కుపోయాయి. వైరస్ పైనున్న ఒక ప్రొటీన్ ఎర్రకణాలను పట్టి ఉంచుతోందని తేలింది. దాని పేరు హెమగ్లుటినిన్. మన గొంతులోని కణాలను పట్టుకుని లోపలికి దూరేదీ అదే.

ఆ గమనింపే పరీక్షగా మారింది. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలక ఒకటి. ఒక్కో గుంటలో మనిషి సీరం, వైరస్, కోడి ఎర్రకణాలు కలిపి కదపకుండా ఉంచుతారు. సీరంలో తగిన యాంటీబాడీలుంటే అవి వైరస్‌ను అడ్డుకుంటాయి. అప్పుడు ఎర్రకణాలు దేనికీ చిక్కక జారి, గుంట అడుగున ఒక ఎర్ర చుక్కగా చేరతాయి. పలకను వంచితే ఆ చుక్క సన్నని గీతగా కిందికి కారుతుంది. యాంటీబాడీలు లేకపోతే కణాలు ఒకదానికొకటి అల్లుకుని గుంటంతా పలచని పొరగా పరుచుకుంటాయి, వంచినా కదలవు. సీరాన్ని రెట్టింపు చొప్పున పలచన చేసుకుంటూ పోయి, చుక్క ఎంతవరకు నిలిచిందో చూస్తారు. 40 వంతులకు పలచన చేసినా నిలిచిందంటే ఆ మనిషికి సగం మేర రక్షణ ఉన్నట్టు లెక్క. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, కంటితో చూస్తే చాలు. దశాబ్దాలుగా ఎక్కువ ఫ్లూ టీకాలు ఈ చుక్క లెక్కనే అనుమతి పొందుతూ వచ్చాయి.

ఇంత మంచి పరీక్షకు ఒక గుడ్డితనం ఉంది. వైరస్ ఎర్రకణాన్ని పట్టుకోకుండా ఆపే యాంటీబాడీలు మాత్రమే దీనికి కనిపిస్తాయి. వైరస్‌ను ఇంకోచోట పట్టుకుని, ఇంకోరకంగా ఆపేవి సీరంలో ఎన్ని ఉన్నా చుక్క ఏర్పడదు. పరీక్ష దృష్టిలో అవి లేనట్టే.

ఆ ‘ఇంకోచోటు’ ఎలా ఉంటుందో 1981లో తెలిసింది. లండన్‌లో జాన్ స్కెహెల్, హార్వర్డ్‌లో డాన్ వైలీ, ఇయాన్ విల్సన్ కలిసి హెమగ్లుటినిన్ ఆకారాన్ని అణువు అణువుగా గీసి చూపించారు. ఒకేలాంటి మూడు భాగాలు కలిసి నిలబడ్డ ప్రొటీన్ అది. పైన గుండ్రటి తల, కింద పొడవాటి కాండం. కణాన్ని పట్టుకునేది తల. కణం లోపలికి చేరాక అక్కడి ఆమ్లం తగిలితే కాండం మడతలు విప్పుకుని నిటారుగా సాగి, వైరస్ పొరను కణం పొరతో కలిపేస్తుంది. అలా కలిస్తేనే వైరస్ జన్యువులు బయటపడతాయి. తల పైభాగంలో అమైనో ఆమ్లాలు ఎంత మారినా వైరస్‌కు పెద్ద నష్టం లేదు. కాండంలో మారితే ఆ విప్పుకోవడం కుదరదు. అందుకే తల ఏటేటా మారుతుంది, కాండం దశాబ్దాలు గడిచినా పెద్దగా మారదు.

కొత్తగా కడుతున్న ఇంటికి దిష్టిబొమ్మ కడతాం, చూసేవాళ్ల కళ్లు ముందు దానిమీద పడాలని. ఫ్లూ వైరస్‌కు తల అలాంటిది. మన రోగనిరోధక వ్యవస్థ ముందు తలనే చూస్తుంది, ఎక్కువ యాంటీబాడీలు దానిమీదే తయారుచేస్తుంది. తలేమో వైరస్ పోగొట్టుకోగలిగిన సొత్తు. హర్స్ట్ పరీక్షా తలనే చూసేది. అలా మన శరీరమూ మన ప్రయోగశాలా ఒకే వైపు చూస్తూ ఉండిపోయాయి.

ఆ చూపును మొదట తప్పించినవాళ్లు జపాన్‌లోని ఒసాకాలో యోషినోబు ఒకునో బృందం. వాళ్లు 1957 నాటి హెచ్2ఎన్2 వైరస్‌ను (హెచ్ అంటే హెమగ్లుటినిన్, పక్క అంకె దాని రకం) ఎలుకలకు ఎక్కించి, వచ్చిన యాంటీబాడీలను ఒక్కొక్కటిగా వేరుచేశారు. ఎర్రకణాల పరీక్షతో సరిపెట్టుకోకుండా, ఏ యాంటీబాడీ ఉంటే కణాలకు వైరస్ సోకకుండా ఉందో నేరుగా చూశారు. సి179 అని పేరుపెట్టిన ఒకటి వాళ్లు పరీక్షించిన హెచ్2 వైరస్‌లనే కాక హెచ్1 వైరస్‌లనూ ఆపింది. ఎర్రకణాలు అతుక్కోవడాన్ని మాత్రం అది ఆపలేదు. పాత పరీక్ష ఒక్కటే చేసి ఉంటే దాన్ని పారబోసేవారు. అది కాండాన్ని పట్టుకుంటోందని ఒకునో బృందం 1993లో ప్రచురించింది. ఈ కథలో మొదటి అసలైన మలుపు ఇదేనని నా నమ్మకం. అయినా తర్వాతి పదిహేనేళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఎలుకలో దొరికిన ఒక వింత కిందే జమకట్టారు.

మనుషుల్లోనూ అలాంటివి ఉన్నాయని 2008లో తెలిసింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో క్రూసెల్ కంపెనీ పరిశోధకులు మామూలు ఫ్లూ టీకా వేయించుకున్నవాళ్ల రక్తకణాల్లోంచి సీఆర్6261 అనే యాంటీబాడీని వెలికితీశారు. బోస్టన్‌లో వేన్ మరాస్కో బృందం వేరే దారిలో వెళ్లి ఎఫ్10 అనే ఇంకోదాన్ని పట్టుకుంది. ఇవి వైరస్‌ను ఎక్కడ పట్టుకుంటున్నాయో చూపే చిత్రాలు 2009 ఫిబ్రవరిలో కొద్ది రోజుల తేడాతో అచ్చయ్యాయి. రెండూ కాండం మీద ఒకే గాడిలో కూర్చున్నాయి. బర్డ్ ఫ్లూ హెచ్5ఎన్1నూ అవి ఆపాయి. 2011లో స్విట్జర్లాండ్‌లో అంటోనియో లాంజావెక్కియా బృందం ఎనిమిది మంది దాతల నుంచి తీసిన లక్షకు పైగా కణాలను జల్లెడపట్టి ఎఫ్ఐ6ను సాధించింది. ఫ్లూ వైరస్‌లలో ఎ తరగతికి (ఎ-ఫ్లూ) చెందిన, అప్పటికి తెలిసిన 16 రకాల హెమగ్లుటినిన్‌లన్నిటినీ అది పట్టుకుంది. కావలసిన ఆయుధం మన రక్తంలోనే ఉంది. ఉన్నది అతి కొద్దిగా, అంతే.

దాన్ని ఎక్కువ చేయడం ఎలాగో ప్రకృతే చూపించింది. 2009 ఏప్రిల్‌లో కొత్త హెచ్1ఎన్1 బయటపడింది. మనం స్వైన్ ఫ్లూ అన్నది దీన్నే. మన దేశంలో తొలి కేసు ఆ ఏడాది మే 16న హైదరాబాద్‌లో నిర్ధారణ అయింది. ఆ వైరస్ తల పందుల్లోంచి వచ్చింది. చాలామంది శరీరాలు అలాంటి తలను అంతకుముందు చూడలేదు. కాండం మాత్రం తెలిసిన హెచ్1 కాండానికి దగ్గరిదే. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం నుంచి రఫీ అహ్మద్, షికాగో నుంచి పాట్రిక్ విల్సన్ బృందాలు ఆ జబ్బు నుంచి కోలుకున్నవాళ్ల కణాలను పరీక్షించాయి. మామూలు టీకా తర్వాత అరుదుగా కనిపించే కాండం యాంటీబాడీలు వాళ్లలో బోలెడు. తలను గుర్తుపట్టే పాత జ్ఞాపకం లేదు కాబట్టి, శరీరం తనకు గుర్తున్న కాండం మీదికే మళ్లింది. అంతవరకు ఏటా తిరుగుతున్న పాత హెచ్1ఎన్1 రకం ఆ తర్వాత కనుమరుగైంది. కోట్లమందిలో ఒక్కసారిగా పెరిగిన కాండం యాంటీబాడీలే దాన్ని తుడిచిపెట్టి ఉంటాయని న్యూయార్క్ మౌంట్ సైనాయ్‌లోని పీటర్ పలేసె బృందం 2012లో వాదించింది.

పలేసె, ఫ్లోరియన్ క్రామర్, అడోల్ఫో గార్సియా-సాస్త్రే ఆ ఉపాయాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. మనుషుల్లో తిరిగే హెచ్1 కాండం మీద పక్షుల వైరస్ తలను అతికించారు. మొదటి మోతాదులో హెచ్8 తల, రెండో దానిలో హెచ్5 తల. రెండు తలలూ శరీరానికి కొత్తవే, రెండుసార్లూ చూసిన కాండం మాత్రం ఒకటే. 18 నుంచి 39 ఏళ్ల వయసువాళ్లలో చేసిన తొలి దశ ప్రయోగ ఫలితాలు 2020 డిసెంబరులో వచ్చాయి. కాండం యాంటీబాడీలు గట్టిగా పెరిగాయి, ఏడాదిన్నర తర్వాతా నిలిచాయి. ఫ్లూ టీకాల చరిత్రలో ఇది చిన్న విషయం కాదు.

తలను మార్చడం కాక పూర్తిగా తీసేస్తే? చెప్పినంత తేలిక కాదది. తల కోసేస్తే కాండం నిలవదు. ఆమ్లం తగలకుండానే మడతలు విప్పుకుని, వైరస్ పని ముగించాక ఉండే ఆకారంలోకి వెళ్లిపోతుంది. ఆ ఆకారం మీద పుట్టే యాంటీబాడీలు అసలు వైరస్‌ను ఆపలేవు. ఈ ముడిని విప్పడంలో మన దేశానికి మొదట్లోనే వాటా ఉంది. బెంగళూరు ఐఐఎస్సీలో రాఘవన్ వరదరాజన్ ప్రొటీన్ల మడతల మీద ఏళ్లుగా పనిచేస్తున్న శాస్త్రవేత్త. ఆయన బృందం కాండంలో కొన్నిచోట్ల అమైనో ఆమ్లాలను మార్చి, అది విప్పుకోకుండా సరైన ఆకారంలోనే నిలిచేలా రూపొందించింది. ఆ ప్రొటీన్‌ను ఈ-కోలై బ్యాక్టీరియాలో తయారుచేసి ఎలుకలకు ఇస్తే, ప్రాణం తీసే ఫ్లూ నుంచి కాపాడింది. 2010లో అచ్చయిన ఆ వ్యాసం మొదటి రచయిత గాయత్రి బొమ్మకంటి. 2014లో హెచ్1 కాండంతో, ఇతర రకాల నుంచీ ఎలుకలను కాపాడిన పనికి మొదటి రచయిత వంశీ ఆదిత్య మల్లాజోస్యుల. ఇంటిపేర్లు చదవగానే తెలుగు పాఠకుడికి గుండె కాస్త ఉప్పొంగుతుంది, నాకూ అంతే. అంతకన్నా ముఖ్యం, అది బ్యాక్టీరియాలో తయారైంది. కోడిగుడ్లు అక్కర్లేదు, ఖర్చు తక్కువ. బీద దేశాలకు టీకా అందాలంటే చూడవలసింది అదే.

2015 ఆగస్టులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ బృందం, క్రూసెల్–జాన్సెన్ బృందం తల లేని కాండాలను వేర్వేరుగా ప్రకటించాయి. అమెరికావాళ్లు ఫెరిటిన్ అనే ప్రొటీన్‌ను వాడుకున్నారు. 24 ముక్కలు వాటంతటవే చేరి ఏర్పడే గుండ్రటి రేణువు అది. దానిమీద ఎనిమిది కాండాలు నిలబెట్టారు. హెచ్1 కాండం ఉన్న ఆ టీకా ఎలుకలను హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ నుంచి పూర్తిగా, ఫెర్రెట్లను కొంతవరకు కాపాడింది. విచిత్రం ఏమిటంటే, వాటి సీరంలో హెచ్5ఎన్1ను ఆపే యాంటీబాడీలు ప్రయోగశాల పరీక్షకు కనిపించలేదు. ఈసారి ఎర్రకణాల పరీక్షే కాదు, కణాలకు వైరస్ సోకకుండా చూసే పరీక్షా చాల్లేదు. కాండం యాంటీబాడీలు వైరస్‌ను అడ్డుకోవడం కన్నా, వైరస్ సోకిన కణానికి గుర్తుపెట్టి, చంపే కణాలను అక్కడికి పిలవడం ద్వారా ఎక్కువ పనిచేస్తాయని పలేసె, జెఫ్రీ రావెచ్ బృందాలు ఏడాది ముందే చూపించాయి. గాజు పాత్రలో ఆ చంపే కణాలు ఉండవు. కొలత మళ్లీ వెనకబడింది.

ఇంతవరకు చదివి, ఇక టీకా వచ్చేసినట్టే అనుకుంటే తొందరపడ్డట్టే. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు కావాలని ఫ్లూ సోకించి, సీఆర్6261ను నరంలోకి ఎక్కించి చూస్తే చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. ఇజ్రాయెల్‌లో రూత్ ఆర్నాన్ పరిశోధన నుంచి పుట్టిన ఎం-001 అనే టీకా వేరే దారిలోది. వైరస్‌లో మారని చిన్న చిన్న ముక్కలను ఒకే ప్రొటీన్‌గా కుట్టారు. తూర్పు ఐరోపాలో 50 ఏళ్లు దాటిన 12,000 మందికి పైగా వాలంటీర్ల మీద జరిగిన మూడో దశ ప్రయోగంలో అది 2020లో విఫలమైంది. అంతదూరం వెళ్లిన ‘అన్ని రకాలకూ సరిపడే’ ఫ్లూ టీకా అదొక్కటే అప్పటికి. దెబ్బ గట్టిదే. ఇంకో వైపు, నికరాగ్వాలో ఇంటింటా ఫ్లూ రోగులను, వాళ్ల కుటుంబసభ్యులను గమనించిన అధ్యయనం 2019లో చెప్పిన మాట ధైర్యమిచ్చింది. కాండం యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఫ్లూ తక్కువగా సోకింది, తల యాంటీబాడీల లెక్క పక్కనపెట్టి చూసినా.

టీకా ఎన్ని రకాలను ఆపుతుందన్న విస్తృతి ఒక సమస్య, ఎంతకాలం నిలుస్తుందన్న మన్నిక ఇంకోటి. రెండూ కలిపి మాట్లాడుతుంటారు గానీ శరీరంలో అవి వేరు. 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో, 1918 నాటి ఫ్లూ మహమ్మారిని చిన్నతనంలో చూసి బతికి, 91 నుంచి 101 ఏళ్ల వయసుకు చేరిన 32 మంది రక్తం పరీక్షించారు. తొంభై ఏళ్ల కిందటి ఆ వైరస్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు వాళ్లందరిలో ఉన్నాయి. ఒక మనిషి ఆయుష్షంతా నిలిచిన జ్ఞాపకం! మరి టీకా జ్ఞాపకం? దీన్ని వెతికింది రఫీ అహ్మద్ బృందమే. ఈయన హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో డిగ్రీ చదివి అమెరికా వెళ్లిన శాస్త్రవేత్త. ఏళ్ల తరబడి యాంటీబాడీలు పోసే కణాలు ఎముక మూలుగలో కాపురం పెడతాయి. అందుకని ఆ బృందం రక్తంతో ఆగకుండా వాలంటీర్ల మూలుగనే తీసి చూసింది, టీకాకు ముందు, నాలుగు వారాల తర్వాత, ఏడాది తర్వాత. మూలుగ తీయించుకోవడం నొప్పితో కూడిన పని. పదేపదే ఒప్పుకున్న ఆ వాలంటీర్లకు మనం రుణపడి ఉన్నాం. టీకా వేసిన నాలుగు వారాలకు కొత్త కణాలు మూలుగలోకి చేరాయి. ఏడాది తిరిగేసరికి వాటిలో చాలావరకు కనిపించలేదు. 2020లో అచ్చయిన ఈ ఫలితం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. కాండాన్ని చూపించే టీకా తయారైనా, ఆ కణాలను మూలుగలో నిలబెట్టే ఉపాయం లేకపోతే ఏటా సూది తప్పదు. పక్షుల వైరస్ తల అతికించిన టీకాలో ఏడాదిన్నర నిలిచిన యాంటీబాడీల వెనక, టీకా స్పందనను పెంచే ఏఎస్03 అనే సహాయక పదార్థం పాత్ర ఉంది. ఫెరిటిన్ కాండం టీకా మనుషుల్లో ఏడాదికి మించి నిలిచిన స్పందననిచ్చిందని 2023లో తెలిసింది. ఆశ అటువైపే కనిపిస్తోంది.

కాండం ఒక్కటే దారి అనుకోనివాళ్లూ ఉన్నారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్కాట్ హెన్స్‌లీ, తర్వాతి ఏడాది నోబెల్ అందుకున్న డ్రూ వైస్‌మన్ కలిసి 2022లో ఒకే ఎంఆర్ఎన్ఏ టీకాలో 20 హెమగ్లుటినిన్‌లు పెట్టారు. అప్పటికి తెలిసిన 18 ఎ రకాలు, రెండు బి రకాలు. ఎలుకలు, ఫెర్రెట్లలో అన్నిటికీ స్పందన వచ్చింది. టీకాలోని వైరస్‌తో సరిగ్గా కలవని రకం సోకినా జబ్బు తీవ్రత తగ్గింది. కొత్త మహమ్మారి వచ్చినప్పుడు మొదటి నెలల్లో చావులు తగ్గించడానికి ఇదే అందరికన్నా ముందు అక్కరకు రావచ్చని నాకనిపిస్తుంది. ఏటా వచ్చే ఫ్లూకు మాత్రం కాండం దారినే నమ్ముతాను.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2018లో పెట్టుకున్న గురి ఇది: నూటికి 75 మందినైనా కాపాడాలి, ఎ-ఫ్లూలోని రెండు ప్రధాన సమూహాలనూ ఆపాలి, కనీసం ఏడాది నిలవాలి, అన్ని వయసులవాళ్లకూ పనికిరావాలి. తల లేని టీకాకు చుక్క పరీక్షలో మార్కులు రావు కాబట్టి, ఆ గురిని అందుకున్నట్టు చూపాలంటే వేలాది మందిని కొన్ని సీజన్ల పాటు గమనించి, ఎవరు జబ్బుపడ్డారో ఎవరు పడలేదో లెక్కపెట్టడం తప్ప అడ్డదారి లేదు. కంపెనీలు వెనకాడేది ఆ ఖర్చుకే. ఏటా అమ్ముడుపోయే సరుకును వదులుకుని, కొన్నేళ్లకోసారి వేసే టీకా మీద అంత సొమ్ము పెట్టమంటే ముందుకొచ్చేవాళ్లు తక్కువ. ప్రభుత్వాల సొమ్ము లేకుండా ఇది తెమిలే పని కాదు.

మన ప్రభుత్వాలకు ఇందులో సొంత అవసరం ఉంది. ఐరోపా, అమెరికాల్లో ఫ్లూ చలికాలపు జబ్బు. మన దేశంలో చాలా నగరాల్లో వానలతోనే, జూలై నుంచి సెప్టెంబరు మధ్య ఎక్కువవుతుంది, చలికాలంలో ఇంకోసారి తల ఎత్తుతుంది. ఉత్తరార్ధ గోళానికని తయారైన టీకా మన మార్కెట్‌కు చేరేసరికి వానాకాలపు ఫ్లూ వచ్చి పోయి ఉంటుంది. అందుకే వానలకు ముందు దక్షిణార్ధ గోళం టీకా వేయించుకోవడం మేలని మన నిపుణులు అంటున్నారు. రెండు మూడేళ్లు నిలిచే టీకా వస్తే ఏ గోళం టీకా, ఏ నెలలో అన్న ప్రశ్నే మనకు ఉండదు. ఆ టీకాను ఈ-కోలైలో తయారుచేసే నేర్పు బెంగళూరులో ఉంది, కోట్ల మోతాదుల్లో టీకాలు తయారుచేసే ఫ్యాక్టరీలు హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఉన్నాయి.